సూది మానేస్తేనే విశ్వాసం ఉన్నట్టా?

మేడమ్ గారికి వందనాలు. మాది గుంటూరు. మా బాబుకు పదేళ్ళు. ఎనిమిదో ఏట టైప్ 1 షుగర్ అని తేలింది. అప్పటి నుంచి రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ వేస్తున్నాను. మా ఆయన ఒకప్పుడు బాగా తాగేవారు. మేం వెళ్ళే మందిరం పాస్టరు గారి ప్రార్థన వల్ల ఆరేళ్ళ కిందట మానేశారు. అందుకే ఆయన మాటంటే మా ఇంట్లో తిరుగులేదు. ఇప్పుడాయన బాబు కోసం 40 రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. ఇంజెక్షన్లు ఆపితేనే స్వస్థత వస్తుందట. "అబ్రాహాము సొంత కొడుకునే ఇవ్వడానికి వెనకాడలేదు, నువ్వు ఒక సూదిని వదల్లేవా" అన్నారు. మా ఆయన ఫ్రిజ్‌లో మందు తీసి పారేశారు. నేను మళ్ళీ కొని బియ్యం డబ్బాలో దాచి, ఆయన పనికి వెళ్ళాక వేస్తున్నాను. రాత్రి డోసు ఒక్కోసారి తప్పుతోంది. అడిగితే వేయడం లేదని అబద్ధం చెబుతున్నాను. దేవుడికీ భర్తకీ ఇద్దరికీ ద్రోహం చేస్తున్నానేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మొన్న బాబు నా చెవిలో "అమ్మా, సూది వేయించుకుంటే యేసయ్యకు నా మీద కోపం వస్తుందా" అని అడిగాడు. ఈ మాట మా ఆయనకు చెప్పలేదు.
– ఒక తల్లి

అమ్మా, ముందు మందు సంగతి చూద్దాం. పాపం, పుణ్యం తర్వాత మాట్లాడుకుందాం.

ఈ రాత్రి డోసు తప్పకూడదు. రేపటిదీ తప్పకూడదు. బియ్యం డబ్బాలో ఉన్నది పక్కన పెట్టి, కొత్తది కొనండి. మన గుంటూరు ఎండకు ఇన్సులిన్ పని చేయకుండా పోతుంది, చూడటానికి మాత్రం మామూలుగానే కనిపించవచ్చు. మీరు వేస్తున్నాననుకుంటూ ఉంటారు, షుగర్ మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఎదురింటి వాళ్ళో, పక్కింటి వాళ్ళో, మీరు నమ్మే ఒక మనిషి ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకడితే ఇక పనికిరాదు. ఎవరినీ అడగలేకపోతే తడి ఇసుకలో మట్టికుండ పెట్టి, అందులో నీళ్ళు తగలకుండా ఉంచండి.

బాబు చేత ఉపవాసం చేయించకండి. టైప్ 1 పిల్లలకు తిండి తగ్గినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. ఎంత వేయాలో మీ డాక్టరు చెబుతారు. వాంతులు, కడుపునొప్పి, మాటిమాటికీ దాహం, ఎగపోస్తున్నట్టు ఊపిరి, నోట్లోంచి పండిన పండు వాసన, మగతగా ఉండటం... వీటిలో ఏది కనిపించినా, ఎవరి అనుమతీ అడగకుండా 108కి ఫోన్ చేయండి. మీకు దగ్గర్లో జీజీహెచ్, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రి ఉంది. ఇన్సులిన్ లేకపోతే టైప్ 1 పిల్లవాడు వారాల పాటు నెట్టుకురాలేడు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

మీ పాస్టరు గారు బహుశా మంచి మనిషే. ఏదో చూసే నమ్మి ఉంటారు. ఆ చూసింది ఏమిటో మీకు తెలియాలి. టైప్ 1 బయటపడి ఇన్సులిన్ మొదలుపెట్టాక, కొందరు పిల్లలకు కొన్ని నెలల పాటు అవసరం బాగా తగ్గిపోతుంది. డాక్టర్లు దాన్ని హనీమూన్ ఫేజ్ అంటారు. ఇన్సులిన్ తయారుచేసే శక్తి ఒంట్లో కాస్త మిగిలి, చివరిసారిగా పని చేయడం అది. ఆ నెలల్లో ఎవరు ప్రార్థన చేసినా, ఏ తాయెత్తు కట్టినా, "తగ్గింది" అనే అనిపిస్తుంది. తర్వాత అది అయిపోతుంది. ఇక మందిరంలో లేచి "నేను బిళ్ళలు మానేశాను" అని సాక్ష్యం చెప్పే పెద్దవాళ్ళలో చాలామందిది టైప్ 2. బరువు తగ్గి, తిండి మార్చుకుంటే బిళ్ళలు తగ్గినవాళ్ళున్నారు. మీ బాబు జబ్బు అది కాదు. వాడి ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడం ఆగిపోయింది. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను వేరు చేయకముందు, ఇలాంటి పిల్లలకు తిండి పూర్తిగా తగ్గించి, ఎముకల గూడుగా మార్చి, కొన్ని నెలలు ఎక్కువ బతికించడం తప్ప వైద్యం లేదు. 1922 జనవరిలో 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూది వేశారు. మీవాడు ఇప్పుడు వేయించుకుంటున్నది ఆ సూదే.

ఇప్పుడు అబ్రాహాము దగ్గరికి వద్దాం. నేను శుక్రవారం దీపం పెట్టే మనిషిని, మీ గ్రంథం గురించి మాట్లాడటానికి నాకేం అర్హత అనుకున్నాను. అందుకే బ్రాడీపేటలో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ పాస్టరు గారికి మీ పేరు, ఊసు లేకుండా మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ కథ చెప్పేవాళ్ళు సగంలో లేచి వెళ్ళిపోతారమ్మా" అన్నారు.

ఆదికాండము 22వ అధ్యాయం మళ్ళీ చదవండి. కత్తి ఎత్తిన చేయి ఆగిపోతుంది. పిల్లవాడి మీద చేయి వేయవద్దన్న మాట వినిపిస్తుంది. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనిపిస్తుంది. ఆ కొండ మీది నుంచి ఇస్సాకు తన కాళ్ళతో తాను నడిచే దిగాడు. పైగా, అబ్రాహాముతో మాట్లాడింది దేవుడని మీ గ్రంథం చెబుతోంది. మీ ఆయనతో మాట్లాడింది ఒక మనిషి. ఆ రెండింటినీ ఒకటే చేస్తే, విగ్రహారాధన వద్దని చెప్పే మతంలోనే ఒక మనిషిని తెచ్చి దేవుడి చోట కూర్చోబెట్టినట్టు అవుతుంది. ఇది నా మాట కాదు, ఆ రిటైర్డ్ పాస్టరు గారిదే. ఆయన యిర్మీయా 7వ అధ్యాయం కూడా చూడమన్నారు. పిల్లలను అగ్నికి ఇస్తున్న వాళ్ళ గురించి, అలా చేయమని నేను ఆజ్ఞాపించలేదు, అది నా మనసుకు తోచనేలేదు అని అక్కడ దేవుడు అంటాడు.

మీ ఆయనకు చూపించడానికి ఇంకొకటి. మత్తయి 4వ అధ్యాయంలో సాతాను యేసును దేవాలయ శిఖరం మీదికి తీసుకెళ్ళి, కిందికి దూకు, దూతలు పట్టుకుంటారు అంటాడు. వాక్యం చెప్పి మరీ అంటాడు. యేసు దూకలేదు. ప్రభువును శోధించకూడదన్నాడు. ఇన్సులిన్ తీసేసి, దేవుడు పట్టుకుంటాడో లేదో చూద్దామనడం ఆ శిఖరం మీది నుంచి బిడ్డను తోయడమే. రాజు హిజ్కియాకు పుండు అయితే యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. ప్రార్థన కూడా ఉంది, మందు కూడా ఉంది. సువార్త రాసిన లూకా వైద్యుడు. అంతెందుకు, మన ఊళ్ళోనే చూడండి. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ లూథరన్ మిషనరీ. మందు వేయడం అవిశ్వాసమైతే, ఆవిడ పేరుతో ఉన్న ఆసుపత్రి ఈ ఊళ్ళో ఎందుకు ఉన్నట్టు?

ఇది మీ మతం వాళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. స్వామీజీ వద్దన్నారని క్షయ బిళ్ళలు మానేసిన వాళ్ళూ, గాలి సోకిందని ఫిట్స్ పిల్లలను గుడి చుట్టూ తిప్పిన వాళ్ళూ నా దగ్గరికి వచ్చారు. నేను పుట్టిన ఇంట్లోనూ ఇలాంటిది జరిగింది. దాని గురించి ఇక్కడ రాయలేను.

మీ అబద్ధం గురించి. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అని ఇద్దరు మంత్రసానులున్నారు. మగబిడ్డలను చంపమని ఫరో ఆజ్ఞ. వాళ్ళు చంపలేదు. ఎందుకని అడిగితే, మేం వెళ్ళేలోపే కానుపులు అయిపోతున్నాయని చెప్పారు. దేవుడు వాళ్ళకు మేలు చేశాడని ఆ అధ్యాయమే చెబుతుంది. మీరు ఆ వరుసలో ఉన్నారు. ద్రోహం చేసే వరుసలో లేరు. అయితే ఈ దాపరికం ఎక్కువ రోజులు నడవదమ్మా. రాత్రి డోసులు ఇప్పటికే తప్పుతున్నాయి. ఒకరోజు ఆయన సెలవు పెట్టి ఇంట్లో ఉంటే ఏం చేస్తారు?

కాబట్టి మీ ఆయనతో మాట్లాడాలి. ఆయనను నేను రాక్షసుడనుకోవడం లేదు. తాగుడు నుంచి బయటపడ్డ మనిషికి ఆ పాస్టరు గారే ఒడ్డు. ఆ ఒడ్డు వదిలితే మళ్ళీ మునిగిపోతానన్న భయం ఆయనది. అందుకే "మీ పాస్టరు తప్పు" అని మొదలుపెట్టకండి. "మీరు తాగుడు మానడం దేవుడి దయే, దానికి నేను రోజూ కృతజ్ఞత చెబుతాను. ఆ బాకీ బాబు ఒంటితో తీర్చొద్దు" అనండి. ఆయనను కూడా బాబు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, అన్నీ మీరే చెప్పకండి. ఆయన గౌరవించే పెద్దవాళ్ళెవరైనా, వాళ్ళ అన్నయ్యో, పాత సంఘంలో ఒక పెద్దాయనో ఉంటే వెంట తీసుకెళ్ళండి. ప్రార్థన ఆపమని అనకండి. 40 రోజులు కాదు, 400 రోజులు చేయమనండి. సూదితో పాటు చేయమనండి.

మాట్లాడినా మళ్ళీ మందు పారేస్తే, లేదా మీ మీద చేయి చేసుకుంటే, అది ఇక మీ ఇంటి విషయం కాదు. పిల్లల సాయానికి 1098, ఆడవాళ్ళకు 181, అత్యవసరానికి 112. బిడ్డ బాధ్యత ఉన్నవాళ్ళు కావాలని నిర్లక్ష్యం చేసి అనవసరంగా బాధకు గురిచేస్తే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు పడొచ్చు. మత స్వేచ్ఛ ఇచ్చిన రాజ్యాంగం 25వ అధికరణే దాన్ని ప్రజారోగ్యానికి లోబడి ఇచ్చింది. ఈ సంగతి బెదిరించడానికి వాడకండి. గుర్తుంచుకోండి చాలు.

బాబు అడిగినదానికి మీరేం చెప్పారో రాయలేదు. ఏమీ చెప్పలేక దగ్గరికి తీసుకుని ఉంటారని నా ఊహ. ఈ రాత్రి సూది వేస్తూ చెప్పండి: "లేదు నాన్నా, రాదు. నీకు బాగోలేకపోతే ఆయనకు బెంగ ఉంటుంది, కోపం ఉండదు." వాడు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పండి.

ఆ తర్వాత వాడు నిద్రపోయాక, వాడు అడిగిన మాటను అడిగినట్టే, చెవిలో అడిగాడని కూడా చెప్పి, వాళ్ళ నాన్నకు చెప్పండి. పాస్టరు గారి గురించి, అబ్రాహాము గురించి ఆ పూట ఏమీ మాట్లాడకండి. ఆ ఒక్క మాట చెప్పి, ఆయనేమంటారో వినండి. నాకు మళ్ళీ రాయండి.