ఫంగస్ మాత్ర వేసుకున్నా మళ్లీ దురద ఎందుకొస్తోంది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మాది పలాస దగ్గర పల్లెటూరు, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. షుగర్‌కి గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నాను. ఈ ఏడాది నాలుగుసార్లు కింద దురద, మంట, విరిగిన పెరుగులా తెల్లబట్ట వచ్చాయి. మెడికల్ షాపులో ఫ్లూకోనజోల్ 150 ఇస్తే తగ్గి, మళ్లీ వస్తోంది. ల్యాబ్ రిపోర్టులో ‘బడ్డింగ్ ఈస్ట్, సూడోహైఫే’ అని రాశారు. ఇది క్యాన్సరేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: క్యాన్సర్ కాదమ్మా, ఆ భయం వదిలేయండి. అది క్యాండిడా అనే ఫంగస్. మామూలుగా కోడిగుడ్డు ఆకారంలో విడివిడి కణాలుగా ఉండి, పక్కన మొగ్గ వేసి పెరుగుతుంది. బడ్డింగ్ అంటే అదే. ఇలా చాలామంది ఒంట్లో హాని చేయకుండా ఉంటుంది. అదను దొరికితే కణాలు విడిపోకుండా గొలుసుల్లా, దారాల్లా సాగి లోపలి పొరలోకి చొచ్చుకుపోతాయి. రిపోర్టులో సూడోహైఫే అన్నది ఈ దారాలనే. అప్పుడే మంట, దురద.

ఫంగస్ కణం పొరకు ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం కావాలి. ఫ్లూకోనజోల్ దాని తయారీని అడ్డుకుంటుంది. దాంతో పెరుగుదల నిలిచిపోతుంది, దారాలు సాగడమూ తగ్గుతుంది. కానీ ఈ మందు క్యాండిడాను చాలావరకు ఆపుతుందే తప్ప చంపదు. మిగిలినదాన్ని మీ ఒంట్లోని రోగనిరోధక శక్తే తుడిచిపెట్టాలి. షుగర్ అదుపులో లేకపోతే అది చేతకాదు.

పైగా డాపాగ్లిఫ్లోజిన్ చేసే పనే షుగర్‌ను మూత్రంలోకి వదలడం. ఫంగస్‌కి అక్కడే మేత దొరుకుతోంది. నా మొదటి అనుమానం దీనిమీదే. మీ అంతట మీరు ఆపకండి, షుగర్ డాక్టరుకు ఈ ఇన్ఫెక్షన్ సంగతి చెప్పండి. సిగ్గుపడి ఎందరో ఆడవాళ్లు ఈ ముక్క చెప్పరు, మందు అలాగే నడుస్తుంది.

ఫ్లూకోనజోల్ కూడా ఇక షాపులో అడిగి వేసుకోవద్దు. గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే పంచదార నోట్లో వేసుకోండి. ఫ్లూకోనజోల్ ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, అందుకే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష తప్పక చేయించుకోండి.

ఏడాదిలో మూడుసార్లు, ఆపైన వస్తే ఒక్క మాత్ర చాలదు. సాధారణంగా మూడు రోజులకొకటి చొప్పున మూడు, తర్వాత వారానికొకటి ఆరు నెలలు ఇస్తాం. అయితే ముందు కల్చర్, అంటే ఫంగస్‌ను ల్యాబ్‌లో పెంచి ఏ రకమో తేల్చే పరీక్ష చేయించాలి. క్యాండిడాలో క్రూసై అనే రకమైతే ఫ్లూకోనజోల్ అసలు పనిచేయదు, వేరే మందు రాయాలి. శ్రీకాకుళం సర్వజనాసుపత్రిలో గైనకాలజిస్టును కలవండి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి.