బడికి ర్యాంపు వేయించే ముందు

తమ్ముడూ,

మీ ఊరి బడికి ర్యాంపు మంజూరైందన్నావు, సంతోషం. మేస్త్రీ ముగ్గు పోయకముందే కొలతలు నువ్వే దగ్గరుండి తీయించు. మన ఊళ్లలో ఎత్తు చూసి కాదు, జాగా చూసి ర్యాంపు వేసేస్తారు. అందుకే సగం ర్యాంపులు జారుడుబల్లల్లా ఉంటాయి.

లెక్క తేలికే. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. మూడు మెట్లు కలిపి 18 అంగుళాలైతే 18 అడుగులు. అయితే ఎత్తు కొలవాల్సింది మెట్ల దగ్గర కాదు, ర్యాంపు నేలను తాకే చోట. ఆవరణ పల్లంగా ఉంటే అక్కడ ఇంకో నాలుగంగుళాలు తేలొచ్చు. నీళ్ల పైపుతో మట్టం పట్టిస్తే తెలిసిపోతుంది. జాగా చాలకపోతే వాలు పెంచొద్దు, మధ్యలో 5 అడుగుల చదును వదిలి వెనక్కి తిప్పు. వెడల్పు 4 అడుగులు. తలుపు ముందు కూడా 5 అడుగుల చదును కావాలి, లేకుంటే తలుపు తీసేలోపు చక్రాల కుర్చీ వెనక్కి దొర్లుతుంది.

ఎక్కువగా చెడేది కింది అంచు. రెండు వానలు పడ్డాక అక్కడి మట్టి కోసుకుపోయి అంగుళం గట్టు తేలుతుంది. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి కదా, పైకి రావాలంటే ఆ గట్టు దగ్గరే ఆగిపోతాయి. దిగేటప్పుడైతే ధన్‌మని గుంటలో పడి, పిల్లాడు ముందుకు తూలతాడు. ర్యాంపు చివర ఇంకో 5 అడుగులు నేలమట్టానికి కాంక్రీటు వేయించు. లోపల నింపే మట్టిని అరడుగు చొప్పున తడిపి దిమ్మిస కొట్టించాలి. ఒక్కసారే పోస్తే కుంగి, పైన పగుళ్లిస్తుంది.

టైల్స్ వద్దు, నున్నటి గచ్చు అసలే వద్దు. పచ్చిగా ఉన్నప్పుడే కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు లాగించు. గోనె సంచులు కప్పి పది రోజులు నీళ్లు పట్టించు. రెండు పక్కలా 3 అంగుళాల గట్టు, పట్టుకోవడానికి 30, 36 అంగుళాల ఎత్తున రెండు వరసల పైపులు.

తలుపు తెరిచాక దారి 3 అడుగులుండాలి. గడప తీయించెయ్. పసుపు రాసే ఇంటి గడపంటే వేరు, బడికెందుకు?

‘ఇంత పొడవెందుకు’ అని ఎవరైనా గునిస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చూపించు. బడి భవనం, ఆవరణ, వసతులు అన్నీ అందుబాటులో ఉండాలని అందులోనే ఉంది.

వసతులంటే మరుగుదొడ్డి కూడా. అది లేకే పిల్లలు పొద్దంతా నీళ్లు తాగరు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల కుర్చీ తిరగడానికి 5 అడుగులు కావాలి. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీని గోడలోకి లోతుగా యాంకర్ బోల్టులతో బిగించాలి. బిగించాక మేస్త్రీనే పట్టుకుని వేలాడమను. కదిలితే డబ్బులిచ్చే ముందే మళ్లీ వేయించు.

ఇట్లు
మీ అన్న