మునిగిన యూపీఎస్ ట్రాన్స్‌ఫార్మర్‌తో బ్యాటరీ చార్జర్ చేయొచ్చా?

ప్రశ్న: సార్, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్‌నగర్‌లో మా యూపీఎస్ మునిగిపోయింది. బోర్డు పోయింది కానీ ట్రాన్స్‌ఫార్మర్ విప్పి దాచాను. పాత టీవీ స్టెబిలైజర్‌లోది ఇంకోటి ఉంది. వీటితో 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి చార్జర్ చేసుకోవచ్చా? కరెంటు పోతే ఎల్ఈడీ లైటుకి వాడుకుంటాను. బ్యాటరీ కొత్తదే.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు స్టెబిలైజర్‌లోది పక్కన పెట్టేయండి. అది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. అందులో ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ వేరు వేరు వైండింగులు (తీగ చుట్టలు) ఉండవు. ఒకే వైండింగు, మధ్యలో నుంచి తీగలు బయటికి లాగుతారు. రెండు తీగల మధ్య మీటరు 20 వోల్టులే చూపించినా, అవి గోడ ప్లగ్గుతో నేరుగా కలిసే ఉంటాయి. ఇంటర్ రోజుల్లో నాకు ఈ సంగతి తెలియదు. ఆ 20 వోల్టులే కదా అని వట్టి చేత్తో తీగ పట్టుకుంటే భుజం దాకా లాగేసింది. కాళ్లకి రబ్బరు చెప్పులు ఉండబట్టి బతికాను.

యూపీఎస్‌లోది మామూలుగా రెండు వైండింగులదే. దానికి పట్టిన చిక్కు వరద నీళ్లు. ఎండలో పెడితే పైకి ఆరినట్టే ఉంటుంది. చుట్ల మధ్యకి చేరిన బురద మాత్రం అక్కడే ఉండి, వర్షాకాలం తేమకి మళ్లీ కరెంటు పారనిస్తుంది. మల్టీమీటరు కొద్ది వోల్టులతోనే కొలుస్తుంది కాబట్టి ఈ లోపం దానికి దొరకదు. ఆటోనగర్‌లో మోటారు వైండింగ్ చేసేవాళ్ల దగ్గర మెగ్గర్ (ఎక్కువ వోల్టులతో ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉంటుంది. రెండు వైండింగుల మధ్య, వైండింగుకీ ఇనుముకీ మధ్య 500 వోల్టులతో చూడమనండి. 10 మెగా ఓములకి తగ్గితే నేనైతే దాన్ని ఇంట్లో ఉంచను.

నన్నడిగితే ఆ రెండూ వద్దు. ఇంట్లోనో తెలిసినవాళ్ల దగ్గరో పాడైన ల్యాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. 230 వోల్టుల వ్యవహారమంతా ఆ మూసిన డబ్బాలోనే ఉండిపోతుంది. మీ చేతికి వచ్చేది 19 వోల్టుల డీసీ. అడాప్టర్‌ని మాత్రం విప్పకండి.

దాని తర్వాత ఒక ఎల్ఎం317 రెగ్యులేటర్ (వోల్టులు ఒకే చోట నిలబెట్టే మూడు కాళ్ల భాగం) చాలు. అవుట్‌పుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య 240 ఓముల రెసిస్టర్, అడ్జస్ట్ నుంచి నెగటివ్‌కి 2.4 కిలో ఓముల రెసిస్టర్ పెట్టండి. సుమారు 13.75 వోల్టులు వస్తుంది. మీ బ్యాటరీ మీద స్టాండ్‌బై యూజ్ అని 13.5 నుంచి 13.8 అని ఉంటుంది, చూడండి. మన బెజవాడ ఎండాకాలంలో 2.4 బదులు 2.2 కిలో ఓములు, 150 ఓములు సిరీస్‌లో పెడితే 13.5కి దిగుతుంది. వేడికి బ్యాటరీ ఎక్కువ కరెంటు తాగి లోపల ఎండిపోతుంది కాబట్టి ఆ పావు వోల్టు తగ్గించడం మంచిది.

రెగ్యులేటర్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి వెళ్లే దారిలో 2.2 ఓముల 5 వాట్ల సిమెంటు రెసిస్టర్ పెట్టండి. బ్యాటరీ 11.5కి దిగి ఉన్నా కరెంటు సుమారు 1 ఆంపియర్ దగ్గరే ఉంటుంది. నిండే కొద్దీ కరెంటు దానంతట అదే తగ్గుతుంది. పాజిటివ్ క్లిప్పుకి దగ్గరగా 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి, ఎందుకంటే క్లిప్పులు తగులుకుంటే తీగని కాల్చేది అడాప్టర్ కాదు, బ్యాటరీ. ఒక 1ఎన్4007 డయోడ్‌ని గీత ఉన్న కొస రెగ్యులేటర్ ఇన్‌పుట్ కాలికి, రెండో కొస దాని అవుట్‌పుట్ కాలికి ఉండేలా కలపండి. ఆపేటప్పుడు ముందు క్లిప్పు తీసి, తర్వాత స్విచ్ ఆపేయండి.

యూపీఎస్ బోర్డు మీది అల్యూమినియం హీట్ సింక్ కడిగి వాడుకోండి. ఎల్ఎం317 వీపు అవుట్‌పుట్‌తో కలిసి ఉంటుంది, మధ్యలో మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ మరిచిపోవద్దు. ఆ బోర్డు మీది కెపాసిటర్లు, వైర్లు మాత్రం వద్దు.

బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 10.5 చూపిస్తే ఆరు సెల్లుల్లో ఒకటి పోయి ఉండొచ్చు. దాన్ని చార్జింగ్‌లో పెట్టకండి. బాగున్నదాన్నయినా గాలి ఆడేచోటే పెట్టండి, హైడ్రోజన్ రావచ్చు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన సెల్లులు ఉన్నాయి. వాటినీ ఇలాంటి చార్జర్‌కి పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. అవి లిథియం సెల్లులు, ఒక్కోటి 4.2 వోల్టులు దాటకూడదు. దాటితే ఉబ్బి మంటలు లేవొచ్చు. ఒక్కో సెల్లుని విడిగా, రక్షణ సర్క్యూట్ ఉన్న టీపీ4056 అనే చిన్న చార్జింగ్ బోర్డుతో చార్జ్ చేయండి. 2.5 వోల్టుల కన్నా దిగిపోయినవాటిని బతికించాలని చూడకండి. కొసలకి టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి, చెత్తబుట్టలో వేయొద్దు.