నాయిన పార్టీ మాట తప్ప డాక్టర్ మాట వినట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హాలియా దగ్గర ఊరు. మా నాయినకు 64 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్, బీడీలు మానేసినా ఆయాసం పోలేదు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఒకటే పార్టీ. కరోనాలో మాస్క్ పెట్టుకోమంటే ‘అదంతా వాళ్ల డ్రామా’ అన్నడు, టీకా ఒక డోసుతో ఆపేసిండు. ఇప్పుడు డాక్టర్ ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించమంటే మళ్లీ అదే మాట. టీకాలతోనే గుండెపోట్లు వస్తున్నయని వాట్సాప్ వీడియోలు చూపిస్తడు. రోజూ గొడవే. ఎట్ల ఒప్పించాలి?

జవాబు: అమ్మా, ముందు ఈ గొడవ ఒక వారం ఆపేయండి. మీరు టీకా గురించి మాట్లాడుతున్నారు, ఆయనకేమో ‘నా పార్టీని తక్కువ చేస్తోంది’ అని వినబడుతోంది, అందుకే మీరు ఎంత గట్టిగా చెబితే ఆయన అంత బిగుసుకుంటారు.

ఇది మీ నాయిన ఒక్కరి మొండితనం అనుకోకండి. అమెరికాలో 2020 మార్చి నుంచి మే వరకు జనం ఫోన్లు ఎటు తిరిగాయో చూస్తే, 2016లో ట్రంప్‌కు మొగ్గిన కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) దూరం పాటించడం మిగతా చోట్ల కంటే 14 శాతం తక్కువ. ఒహాయో, ఫ్లోరిడాల్లో చనిపోయినవాళ్ల వివరాలను ఓటరు నమోదుతో పోల్చినప్పుడు ఇంకా బాధ కలిగించే సంగతి బయటపడింది. టీకా రాకముందు రెండు పార్టీల వాళ్లలో అదనపు మరణాల (మామూలుగా జరిగేవాటి కంటే ఎక్కువైనవి) తేడా పెద్దగా లేదు, పెద్దలందరికీ టీకా దొరికాకే ట్రంప్ పార్టీ అయిన రిపబ్లికన్లలో అవి డెమోక్రాట్ల కంటే 43 శాతం ఎక్కువయ్యాయి. మందు చేతికందాక పోయిన ప్రాణాలమ్మా అవి!

మన దగ్గర అంత తీవ్రంగా లేదు గానీ అసలు లేదనలేం. 2021 జనవరిలో సమాజ్‌వాదీ పార్టీ నేత అఖిలేష్ యాదవ్ ‘బీజేపీ టీకా’ వేసుకోనన్నారు, జూన్‌కల్లా వేసుకుంటానన్నారు, ఆ మధ్యలోనే రెండో వేవ్ వచ్చిపడింది. మీ హాలియా సంగతి మీకు తెలిసిందే. నాగార్జునసాగర్ ఉప ఎన్నిక కోసం ఏప్రిల్ 14న అక్కడే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సభ, 17న పోలింగ్, 19న ఆయనకు కొవిడ్ పాజిటివ్. ఆయనకు సభలోనే అంటుకుందని నేను అనను. కానీ అన్ని పార్టీలూ జనాన్ని పోగేసిన రోజులవి, ‘మా సభలో ఏం కాదు, వాళ్ల సభలోనే వస్తది’ అని నా ముందు కూర్చుని చెప్పిన పేషెంట్లు ఉన్నారు.

ఆ ఏడాదే ఓ ఊరి బడిలో టీకా క్యాంపు పెట్టాం. మధ్యాహ్నం దాకా ఒక వాడ నుంచి ఒక్కరు రాలేదు. క్యాంపు పెట్టించింది సర్పంచ్, వాళ్లది అవతలి పార్టీ. ఆశా వర్కర్ రెండుసార్లు ఇల్లిల్లూ తిరిగొచ్చింది, లాభం లేదు. చివరికి ఆ వాడ పెద్దమనిషి ఒకాయన వచ్చి, మెడలో కండువా తీసి కుర్చీ మీద పెట్టి, చొక్కా చేయి పైకి మడిచి, ‘నాకేసిన సీసాలోంచే మావోళ్లకు వెయ్యుండ్రి’ అన్నాడు. సీసాలో పది డోసులు. ఆయన లేచేసరికి మిగతా తొమ్మిదింటికీ మనుషులు గుమ్మం దగ్గర నిలబడ్డారు. అంతవరకు మేం చెప్పిందీ అదే మాట, కాకపోతే చెప్పింది వాళ్ల మనిషి కాదు.

మీ నాయినకు అలాంటి మనిషి ఎవరో వెతకండి. ఆయన పార్టీలోనే, ఆయన ఈడువాడే, షుగర్ ఉండి టీకా వేయించుకున్న దోస్తు ఉంటే ఇంకా మంచిది. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ ఆయన చెప్పనీయండి, మీరు పక్కన ఉండకండి. ‘మీ లీడర్ తప్పు చెప్పిండు’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనొద్దు.

గుండెపోట్ల వీడియోల విషయం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 18 నుంచి 45 ఏళ్లవాళ్ల ఆకస్మిక మరణాల మీద అధ్యయనం చేసింది. కొవిడ్ టీకా ఆ ప్రమాదాన్ని పెంచలేదని తేలింది, రెండు డోసులు వేసుకున్నవాళ్లలో అది తక్కువగానే కనిపించింది. పెంచినవి వేరే ఉన్నాయి: కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరడం, ఇంట్లో ఎవరైనా అలా హఠాత్తుగా పోయి ఉండడం, అతిగా తాగడం లాంటివి. పైగా ఇప్పుడు డాక్టర్ చెబుతున్నది కొవిడ్ టీకా కానేకాదు. ఫ్లూ టీకా ఏటా ఒకసారి, వానాకాలానికి ముందైతే మంచిది. న్యుమోనియా టీకాల్లో రకాలున్నాయి, ఏది, ఎన్ని డోసులన్నది మీ డాక్టరే నిర్ణయిస్తారు. షుగర్, పాత బీడీ అలవాటు, ఆయాసం మూడూ ఉన్న మనిషికి ఫ్లూ వస్తే ఊపిరితిత్తులు తట్టుకోవడం కష్టం, షుగర్ కూడా ఒక్కసారిగా పైకి పోతుంది. ఆ ఆయాసానికి గొట్టంలోకి గాలి ఊదే పరీక్ష ఇప్పటిదాకా చేయించకపోతే చేయించండి.

మాస్క్ కోసం ఆయనతో వాదన ఎందుకు, ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా వాళ్లే పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లండి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే, వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఒకటి కొని, ఆరోగ్యంగా ఉన్న రోజు ఆయనకు ఎంత చూపిస్తుందో రాసిపెట్టుకోండి. జ్వరం, దగ్గు వచ్చినప్పుడు అది మూడు నాలుగు పాయింట్లు పడిపోయినా, మాట్లాడుతుంటే ఎగపోత వచ్చినా, మత్తుగా పడుకున్నా తెల్లారేదాకా చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. వచ్చే నెల షుగర్ చూపించడానికి వెళ్లేటప్పుడు ఆ దోస్తును కూడా బండెక్కించుకోండి.