క్యాంపులో స్థిరపడిన తాతల జ్ఞాపకం: విగ్రహం కంటే ముందు చేయాల్సిన పనులు

కర్ణాటకలో తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపులో, అంటే కోస్తా నుంచి వలస వచ్చిన తెలుగువాళ్లు కట్టుకున్న ఊళ్లో, స్థిరపడిన మీ తాతగారి తరాన్ని ఎలా గౌరవించుకోవాలని అడిగారు. కుటుంబమంతా చందాలేసుకుని ఊరి మొదట్లో విగ్రహం పెట్టాలనుకుంటున్నామని, అది సరిపోతుందా అని కూడా అడిగారు. మాదీ అలాంటి కుటుంబమే. మా తాతగారు గుంటూరు జిల్లాలో ఉన్న కాస్త పొలం అమ్ముకుని గంగావతి వైపు వచ్చారు. ఆయన తరం కథను పోగుచేసే పని మేం కొన్నేళ్లుగా చేస్తున్నాం. అందుకే చెబుతున్నాను, విగ్రహం వచ్చే ఏడాదైనా పెట్టుకోవచ్చు. ఆ రోజుల్ని కళ్లారా చూసిన మనుషులు వచ్చే ఏడాదికి ఉంటారో లేదో చెప్పలేం. డబ్బూ, ఓపికా ముందు అటు పెట్టండి.

తుంగభద్ర డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది 1945లో, కాలువలకు నీళ్లు వదిలింది 1953లో. అప్పటికి ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు తొంభై దాటాయి. అమ్మ చంకలో వచ్చిన పిల్లలకే డెబ్బై దాటాయి.

ముందు ఆడవాళ్లను అడగండి. మా ఇంట్లో మొదట అందరూ మగవాళ్ల చుట్టూనే కూర్చున్నారు. వాళ్లు ఎకరాలు, ధరలు, సరిహద్దు తగాదాలు చెప్పారు. అవీ కావాలి, కాదనను. కానీ క్యాంపు ఎలా నిలబడిందో నాకు అర్థమైంది నాయనమ్మ మాటల్లోనే. అదీ అంత తేలిగ్గా బయటకు రాలేదు. "ఎన్ని కష్టాలు పడ్డారు నాయనమ్మా?" అంటే "ఏముందిలే, అందరితో పాటే" అని ఊరుకునేది. "దిగిన రోజు పొయ్యి ఎక్కడ పెట్టావు?" అని అడిగాక కథ కదిలింది. గుంటూరులో మీటరు గేజి రైలెక్కి గుంతకల్లు మీదుగా హోస్పేట, అక్కడి నుంచి ఎడ్లబండి. చుట్టూ నల్లరేగడి. పొయ్యికి మూడు రాళ్లు పెడదామంటే ఒక్క రాయీ దొరకలేదట. ఎండిన మట్టిపెళ్లలు పేర్చి అన్నం వండితే, సగం ఉడికేసరికి ఒక పెళ్ల విరిగి కుండ ఒరిగిందట. కాలువ నీళ్లు బురదగా ఉంటే చిల్లగింజ అరగదీసి తేర్చుకుని తాగారట. మూటలో కట్టి తెచ్చుకున్న గోంగూర విత్తనాలు గుడిసె పక్కన చల్లిందట, ముందుగా చేతికొచ్చిన పంట అదేనట.

కాబట్టి పెద్ద ప్రశ్నలు వద్దు. పొయ్యి, నీళ్లు, దీపం, పురుడు, జ్వరం, సంత, మొదటి పెళ్లి, ఇలా ఒక్కో వస్తువు, ఒక్కో సంఘటన పట్టుకుని అడగండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టి, మధ్యలో తేదీలు సరిచేయకుండా వినండి. పాత ఫొటో ఒకటి చేతిలో పెడితే ఇంకా బాగా మాట్లాడతారు. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మా క్యాంపులో పెద్దవాళ్లందరికీ ఒకటే టెన్షన్, అరుగుల మీద రాత్రి పొద్దుపోయేదాకా అవే మాటలు. డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి బృందం పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (గేటు స్థానంలో అడ్డంగా పెట్టే ఉక్కు దిమ్మెలు) దించి నీటిని ఆపేదాకా ఎవరికీ నిద్ర లేదు. సున్నం, సుర్కీ (ఇటుక పొడి) కలిపి డ్యామ్ కట్టిన రోజులు, మొదటిసారి కాలువలోకి నీళ్లొచ్చినప్పుడు పసుపు కుంకుమ వేసిన సంగతి, అన్నీ ఆ వారంలోనే బయటికొచ్చాయి. మా దగ్గరున్న మంచి రికార్డింగులు చాలావరకు అప్పటివే.

నాయనమ్మ చెప్పిన వాటిలో ఒకటి మా ఇంటి ఆనవాయితీనే మార్చింది. వచ్చిన కొత్తలో మలేరియాతో ఒక ఆడపిల్ల పోయింది. నాన్నకు అక్క. ఏ కాగితంలోనూ లేదు, మేం గీసిన వంశవృక్షంలోనూ లేదు. నాయనమ్మ ఆ పేరు చెప్పేదాకా అలాంటి పాప ఒకతె ఉందని నా తరంలో ఎవరికీ తెలియదు. ఇప్పుడు సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు చిన్న గౌను కూడా పెట్టి ఆ పేరు తలుచుకుంటున్నాం. మీరు వంశవృక్షం గీసేటప్పుడు ఆడపిల్లల్ని, కోడళ్ల పుట్టింటి పేర్లను, చిన్నతనంలోనే పోయినవాళ్లను వదలకండి. ఆ తరంలో ప్రతి ఇంట్లోనూ అలాంటి పేరు ఒకటి ఉంటుంది.

ఇక కాగితాలు. ఇక్కడ చాలామందికి చిక్కు వస్తుంది. అదే పొలం మొదట హైదరాబాద్ రాష్ట్రం, రాయచూరు జిల్లా. 1956 నవంబరు 1 నుంచి మైసూరు రాష్ట్రం. 1973లో రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడ్డాక గంగావతి అందులోకి వెళ్లింది. కాబట్టి పాత కాగితం వెతికేటప్పుడు కొప్పళ అంటే దొరకదు, రాయచూరు అని వెతకాలి. పైగా మొదటి దస్తావేజుల్లో చాలావరకు ఉర్దూలో ఉంటాయి. మా తాతగారి క్రయపత్రం చూస్తే, పేజీ అంతా ఉర్దూ, పక్కన అమ్మినాయన వేలిముద్ర, అడుగున మాత్రం తాతగారి తెలుగు సంతకం, చివరి అక్షరం సిరా అలుక్కుపోయి. తనకు ఒక్క ముక్క అర్థంకాని కాగితం మీద ఉన్నదంతా పెట్టి సంతకం చేశాడాయన. ఆ ధైర్యం ఆ పేజీ చూస్తేనే తెలుస్తుంది. అందుకే అలాంటివి ఇనప్పెట్టెలో ఉంచేయకుండా ముందు ఫొటోలు తీయండి. వెనకవైపు కూడా తీయండి, ముద్రలూ రిజిస్ట్రేషన్ నంబరూ తరచుగా అక్కడే ఉంటాయి. చదివించడానికి తాలూకా కేంద్రంలో ఉర్దూ వచ్చిన పాత దస్తావేజు లేఖరులను అడగండి. వాళ్లూ తగ్గిపోతున్నారు.

హైదరాబాద్ రాష్ట్రంలో 1954-55లో రాసిన ఖాస్రా పహాణీ కూడా అడగండి. ఆనాడు ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో అందులో తెలుస్తుంది. ఇప్పటి పహాణీ కర్ణాటక ప్రభుత్వ 'భూమి' వెబ్‌సైట్‌లోనే వస్తుంది. పాత రిజిస్ట్రేషన్ నకళ్లకు మాత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి కొంత తిరగాల్సిందే. తెలంగాణలో నిజాంసాగర్ కింద బోధన్, వర్ని వైపు వెళ్లిన కుటుంబాలకూ, 'భూమి' వెబ్‌సైట్ సంగతి తప్ప, ఇదే వర్తిస్తుంది. అక్కడి వలస ఇంకా పాతది, ఆ ప్రాజెక్టు 1931కే పూర్తయింది, ఉర్దూ కాగితాలు ఇంకా ఎక్కువ.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది మరొకటి ఉంది. "మన తాతలు వచ్చి బీడు భూముల్ని బంగారం చేశారు" అని సభల్లో అంటుంటారు. అవి బీడు భూములు కావు. అక్కడి కన్నడ రైతులు వానల మీద జొన్న, పత్తి పండించుకుంటున్న నేల. తరి సేద్యం, అంటే నీళ్లు పెట్టి వరి పండించడం, వాళ్లకు అలవాటు లేదు. మడులు కట్టి చదును చేయడానికి పెట్టుబడీ లేదు. అందుకే అమ్మారు. తర్వాత ధరలు పెరుగుతుంటే చూస్తూ ఉండిపోయారు. డ్యామ్ నీళ్లలో ఊళ్లు మునిగినవాళ్ల కథ ఇంకొకటి. మనతో పాటే కోస్తా నుంచి వచ్చిన కూలీ కుటుంబాల కథ మరొకటి. గట్లు వేసింది, దమ్ము చేసింది, నాట్లు వేసింది ఎక్కువగా ఆ కూలీలే, కానీ పట్టా కాగితాల్లో వాళ్ల పేర్లు ఉండవు. మా తాతగారి పద్దుల పుస్తకంలో మాత్రం ఉన్నాయి. "చదును కూలి", "నాట్లకు", "బండి అద్దె" అని రాసి పక్కన మనిషి పేరు. ఆ పేర్లు పట్టుకుని వెళితే వాళ్ల మనవళ్లు ఆ పక్క వీధిలోనే ఉన్నారు. వాళ్ల నాయనమ్మల మాటలూ రికార్డు చేశాం. మన పెద్దల కష్టం దీనివల్ల తగ్గిపోదు. తాతగారంటే నాకు గౌరవం పెరిగిందే గానీ తరగలేదు, ఎందుకంటే ఆయన ఎవరి పేరూ వదలకుండా రాసుకున్నాడు.

భాష సంగతి కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. మా ఇంట్లో మూడో తరం అంతా తెలుగే మాట్లాడుతుంది, కానీ చాలామంది చదివింది కన్నడ బడిలో, వాళ్లకు తెలుగు చదవడం రాదు. మీ ఇంట్లోనూ అలాగే ఉంటుందనుకుంటాను. పుస్తకం వేస్తే తెలుగు, కన్నడ ఎదురెదురు పేజీల్లో వేయండి. పొలం అమ్మిన ఊరి వాళ్లు కూడా చదువుతారు. వాళ్ల వైపు కథ వాళ్లు చెప్పడం మొదలుపెడతారు, మాకు అలాగే జరిగింది.

పోగుచేసినవన్నీ ఒకే ఫోన్‌లో ఉంచకండి. ఫైలు పేరులోనే మనిషి పేరు, ఊరు, తేదీ రాసి, వేర్వేరు ఊళ్లలో ఉన్న ముగ్గురి దగ్గర కాపీలు ఉంచండి. ఫొటోలో ఎవరెవరున్నారో ఇప్పుడే అడిగి రాసుకోండి.

అయినా విగ్రహం పెట్టాలనే అందరూ అంటే పెట్టండి, పెద్దవాళ్ల ముచ్చట కాదనకూడదు. నా సలహా అయితే విగ్రహం ఖర్చులో కొంతతో పెద్ద శిలాఫలకం చెక్కించండి. మొదట వచ్చిన ప్రతి ఇంటి పేరు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఆ ఇంటి ఆడవాళ్ల పేర్లు, కూలీ కుటుంబాల పేర్లు, ఎవరి దగ్గర పొలం కొన్నారో ఆ ఊరి పేరు, అన్నీ రెండు లిపుల్లో. చెక్కించే ముందు ఆ జాబితాను క్యాంపులో ఇంటింటికీ తిప్పి చూపించండి. మావాళ్లు అలా తిప్పినప్పుడే మర్చిపోయిన పేర్లు ఎన్నో కలిశాయి.