ముందు చక్రాల కారు ఎంత టార్క్ తట్టుకుంటుంది? గేరు గేరుకూ లెక్క వేరు

మీరు అడిగింది ఇది: ఇంజిన్ శక్తి ముందు చక్రాలకే వెళ్లే 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్ ఉంది, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 250 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు); ట్యూనింగ్ షాపు వాళ్లు పెద్ద టర్బో వేసి 400 దాకా తీసుకెళ్తామంటున్నారు; ముందు చక్రాలు అంత టార్క్ వాడుకోగలవా?

నేను ఆరేళ్లుగా నడుపుతున్నది 1.8 టర్బో పెట్రోల్, మాన్యువల్. అదీ 250తోనే వచ్చింది. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించి 350కి తెచ్చాను. కాబట్టి ఇది డబ్బు పెట్టి తెలుసుకున్న సంగతి.

ఇంజిన్ టార్క్ నేరుగా రోడ్డు మీదికి రాదు. గేరును బట్టి పెరిగి వస్తుంది. నా కారులో మొదటి గేర్లో దాదాపు 13 రెట్లు, రెండులో ఏడున్నర, మూడులో 5. ఇద్దరం కూర్చుంటే కారు బరువు 1,500 కిలోలు, అందులో ముందు ఇరుసు మీద 900. గట్టిగా తొక్కితే బరువు వెనక్కి వెళ్లి ముందు 730 దాకా మిగులుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైరు అందులో 90 శాతం దాకా పట్టు ఇస్తుంది, అంటే సుమారు 660 కిలోల తోపు. దీన్ని వెనక్కి లెక్కేస్తే ఆ టైర్లు వాడుకోగలిగే ఇంజిన్ టార్క్ మొదటి గేర్లో 155, రెండులో 270, మూడులో 400 ఎన్‌ఎం. అంటే కంపెనీ ఇచ్చిన 250 కూడా మొదటి గేర్లో ఎక్కువే! సిగ్నల్ దగ్గర పూర్తిగా తొక్కితే చక్రాలు కీచుమని తిరిగేది అందుకే.

వాన పడితే ఈ లెక్క మారిపోతుంది. ఒక జులైలో తెల్లవారుజామున బావగారిని ఎయిర్‌పోర్టుకు దింపడానికి హైదరాబాద్ మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ ఎక్కాను. తుంపర పడుతోంది. మూడో గేరు, రోడ్డు ఖాళీ, కొంచెం గట్టిగా తొక్కాను. ఫ్లైఓవర్ జాయింటు ఇనుప పట్టీ మీదికి ముందు చక్రాలు వచ్చేసరికి ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరింది, ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా ఆపే వ్యవస్థ) పసుపు లైటు టపటపా వెలిగింది, స్టీరింగ్ నా అరచేతిలో ఎడమకు మెలి తిరిగింది. పక్క లేన్‌లోకి అర అడుగు జరిగాం. ఏమీ కాలేదు, కానీ బావగారు విమానం ఎక్కేదాకా మాట్లాడలేదు. తడి రోడ్డు మీద మూడో గేర్లో కూడా 270కి మించి పనికిరాదని తర్వాత లెక్క వేస్తే తెలిసింది.

స్టీరింగ్ అలా లాగడాన్నే టార్క్ స్టీర్ అంటారు. రెండు వైపులా డ్రైవ్ షాఫ్టుల (చక్రాలకు శక్తి చేరవేసే కడ్డీల) పొడవు, వాలు ఒకేలా లేకపోయినా, ఒక చక్రం కింద మట్టి, ఇంకో దాని కింద తారు ఉన్నా ఇది వస్తుంది. మన సర్వీస్ రోడ్ల ఎడమ అంచున ఎప్పుడూ ఇసుక పేరుకుని ఉంటుంది కదా, అక్కడ బాగా తెలుస్తుంది. మామూలు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ టార్క్ పంచే గేర్లు) అయితే పట్టు లేని చక్రం ఎంత మోస్తే రెండో దానికీ అంతే అందుతుంది.

నిజమైన పెర్ఫార్మెన్స్ కార్లు దీన్ని ఎలా దాటాయో చూడండి. 2009 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌కు 305 పీఎస్ పవర్, 440 ఎన్‌ఎం. దానికి రెవోనకిల్ అనే వేరే సస్పెన్షన్ నకిల్ (చక్రాన్ని పట్టుకునే భాగం) పెట్టి, చక్రం మధ్యభాగాన్ని స్టీరింగ్ తిరిగే అక్షానికి దగ్గరగా తెచ్చారు, పైగా పట్టున్న చక్రానికి ఎక్కువ టార్క్ పంపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఇచ్చారు. హోండా సివిక్ టైప్ ఆర్ 420 ఎన్‌ఎంతో 2023లో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ 20.832 కిలోమీటర్లను 7 నిమిషాల 44.881 సెకన్లలో చుట్టింది, ముందు చక్రాల ప్రొడక్షన్ కార్లలో అప్పటికి అది రికార్డు. దానికి 265 వెడల్పు టైర్లు, లిమిటెడ్ స్లిప్ రెండూ ఉన్నాయి. 2007 మాజ్దాస్పీడ్ 3కి 380 ఎన్‌ఎం ఉన్నా మొదటి రెండు గేర్లలో కంపెనీయే టార్క్ తగ్గించింది. మన దేశంలో 2025లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ కూడా 370 దగ్గరే ఆగింది, అదీ ముందు డిఫరెన్షియల్‌కు ఎలక్ట్రానిక్ లాక్‌తో. 1970 క్యాడిలాక్ ఎల్డొరాడో 8.2 లీటర్ల వీ8తో ఆ రోజుల లెక్కలో 740 ఎన్‌ఎం పైనే ముందు చక్రాలకు పంపేది, నిజమే. కానీ రెండు టన్నుల పైచిలుకు బరువున్న విలాసపు కారు అది, మలుపుల్లో పరుగెత్తడానికి కాదు.

నా మటుకు, లిమిటెడ్ స్లిప్ లేని కారుకు మూడో గేరు నుంచి 320-350 చాలు. అంతకు మించితే డబ్బు టైరు పొగలోకే పోతుంది. రీమ్యాప్ అయిన 14 వేల కిలోమీటర్లకే టైర్ల షాపు అతను ముందు టైరు మీద అరచేయి పెట్టి రుద్ది చూపించాడు. బ్లాకుల అంచులు ఒక వైపు రంపంలా గీసుకున్నాయి. వెనక టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి.

తర్వాత మ్యాప్ మార్పించాను: మొదటి గేరుకు 180, రెండుకు 270, మూడు నుంచి 350. ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) టోల్ గేటు దాటాక ఇప్పుడు కారు మునుపటి కంటే త్వరగా అందుకుంటుంది, స్టీరింగ్ కదలదు. మీరు కూడా పెద్ద టర్బోకు ముందు మంచి టైర్లు వేయించండి, అలైన్‌మెంట్ చూపించండి, గేరువారీ టార్క్ పరిమితి పెట్టగలరా అని అడగండి. వాళ్లు తెల్లమొహం వేస్తే వేరే చోటికి వెళ్లండి.

మీది మాన్యువలా ఆటోమేటిక్కా చెప్పలేదు. 7 గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) అయితే ఆ గేర్‌బాక్స్‌ను డిజైన్ చేసిందే 250 ఎన్‌ఎంకు, అప్పుడు టైర్ల దాకా వెళ్లక ముందే క్లచ్ జారుతుంది. ఏదో చెప్పండి, టైర్ సైజు కూడా రాయండి, మీ కారు లెక్క కూడా వేసి చెప్తాను.