వీసీ కుర్చీకి ఆన్‌లైన్ దారి ఉందా?

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. కామర్స్‌లో పీహెచ్‌డీ ఉంది. ఓ ప్రైవేటు యూనివర్సిటీవాళ్లు ఆన్‌లైన్ డిగ్రీల విభాగంలో కోఆర్డినేటర్‌గా రమ్మంటున్నారు. జీతం ఎక్కువే. ‘అటు వెళ్తే ప్రొఫెసర్‌వి కావు, కాల్‌సెంటర్ మేనేజర్‌వి అవుతావు’ అని మావారు ఏడిపిస్తున్నారు. ఈ వైపు వెళ్లి వైస్‌ఛాన్సలర్లయినవాళ్లు ఉన్నారా?
– ఓ లెక్చరర్, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ఉన్నారమ్మా. మన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి గారినే చూడండి. పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన మనిషి. ఉస్మానియాకు వీసీగా చేశాక, 1982లో దూరవిద్య కోసం పెట్టిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక (ఓపెన్) విశ్వవిద్యాలయానికి మొదటి వీసీ అయ్యారు. దేశంలో అలాంటిది అదే మొదటిది. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉంది. మూడేళ్లకు ఢిల్లీలో ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) పెడితే దానికీ ఆయనే తొలి వీసీ. 1991లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఛైర్మన్.

అయితే ఆయన ఇటు వచ్చేసరికే ప్రొఫెసర్. 2018 యూజీసీ నిబంధనల్లో వీసీ పదవికి ప్రొఫెసర్‌గా పదేళ్లు, లేదా పేరున్న పరిశోధన, విద్యా పరిపాలన సంస్థలో పదేళ్ల అనుభవం అడిగారు. కోఆర్డినేటర్ అన్న బోర్డు పట్టుకుని అక్కడిదాకా వెళ్లడం కష్టం.

ఇక పని సంగతి. నేను విశాఖలో చాలా ఏళ్లు ఆదివారాలు దూరవిద్య క్లాసులు చెప్పాను. స్టీల్‌ప్లాంట్ నైట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చేవాళ్లు, పోర్టు గుమాస్తాలు, కానిస్టేబుళ్లు. సగం మంది కునికిపాట్లు. వాళ్లకు నా లెక్చర్ కంటే పుస్తకమే దిక్కు. పక్కన మాస్టారు లేకపోయినా అర్థమయ్యేలా పాఠం రాయడం అంత తేలిక కాదు: ఒకరు రాస్తారు, మరొకరు దిద్దుతారు, భాష ఇంకొకరు చూస్తారు. అసైన్‌మెంట్ మీద మార్కులతోపాటు రెండు మాటలు రాసి పంపితే ఆ విద్యార్థి నిలబడతాడు. లేకపోతే ఫీజు కట్టి మాయం. వీడియోలు, యాప్‌లు వచ్చినా ఈ చాకిరీ ఏమీ తగ్గలేదు. (ఆన్‌లైన్‌లో కునికితే మనకి కనిపించదు, అంతే.)

అందుకే చేరేముందు అడగండి. పాఠాలు ఎవరు తయారుచేస్తారు? మూల్యాంకనం మీ చేతిలో ఉంటుందా? అడ్మిషన్ల టార్గెట్ అన్న మాట మొదటి ఐదు నిమిషాల్లో వచ్చిందా, మీవారు గెలిచినట్టే. 2020 యూజీసీ నిబంధనల ప్రకారం ఈ కోర్సుల్ని ఫ్రాంచైజీకి ఇవ్వకూడదు. ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు.

అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదా, యూజీసీ స్కేలు ఆర్డర్‌లో రాసివ్వమనండి. నసిగితే వద్దనేయండి. ఇప్పటి ఉద్యోగంలోనే ఉంటూ దూరవిద్య పాఠాలు రాయండి, కౌన్సెలర్‌గా (దూరవిద్య క్లాసులు చెప్పేవాళ్లని అలాగే అంటారు) దరఖాస్తు పెట్టండి. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం మన ఊళ్లోనే ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య విభాగం ఎటూ ఉంది.